నల్ల బంతి కుదురుకునేదాకా

ఎవరింట్లోకైనా నాకంటే ముందు ఈ బంతే వెళుతుంది.
పింగ్‌పాంగ్ బంతి. నేనే నల్లరంగు పూసి
చిన్న కన్నం పొడిచి లోపలికి ఓ తీగ దూర్చాను.
కూర్చున్న మనిషి పొట్ట ఎత్తున
స్టాండుకు వేలాడదీసి ఇరవై నిమిషాలు ఆగాలి.
గోడ ఎంత చల్లగా చూస్తోందో
రేడియేటరు ఎంత మండిపడుతోందో
ఇద్దరి మాటా విని ఓ అంకె మీదికి రావడానికి
దానికి ఆ మాత్రం టైము కావాలి.

బిష్కెక్, జనవరి.
ఆరో మైక్రోరయోన్‌లో తొమ్మిదంతస్తుల పాత బిల్డింగు.
ఊరి చివర పొగగొట్టం కింద కాగిన నీళ్లు
ఒకే గొట్టంలో పైనుంచి కిందికి దిగుతాయి.
తగ్గించడానికి మరా లేదు, పెంచడానికి మీటా లేదు.

నా కాగితం మీద ఏడు గడులు.
వణుకు, చలి, కాస్త చల్లన,
ఏమీ లేదు,
కాస్త వెచ్చన, వేడి, ఉడుకు.
ఆ మధ్య గడి కోసమే నా చదువంతా.
మనిషికి తన ఒళ్లు గుర్తురాని చోటు అది.

తొమ్మిదో అంతస్తులో కపితొలీనా యెగోరొవ్నా
కిటికీ రెక్క బార్లా తీసి, చేతుల్లేని గౌనులో
పిచ్చుకలకు గింజలు వేస్తోంది.
"ఉడుకు" దగ్గర టిక్కు పెట్టింది.
మార్పు కావాలా అంటే "వద్దు" దగ్గర పెట్టింది.
ఇదేంటండీ అన్నాను.
"కిటికీ మూస్తే వీటికెవరు పెడతారు?"

ఐదులో ఒకే సోఫా మీద మొగుడూ పెళ్లాం.
ఆయన రెండు గడులు కిందికి, ఆవిడ రెండు గడులు పైకి.
కూడి సగం చేస్తే సున్నా.
రిపోర్టులో ఆ సోఫా హాయిగా ఉంటుంది.
నేను గుమ్మంలో బూట్లు తొడుక్కుంటుంటే
దుప్పటి గొడవ మళ్లీ మొదలైంది.

మూడులో ఎల్దియార్.
దొర్దోయ్ బజారు ఇనుప కంటైనర్ల మధ్య
రాత్రంతా కాపలా కాసి వచ్చాడు.
పదహారు డిగ్రీల గదిలో బనీనుతో ఉన్నాడు,
చెవులు నిప్పుకణికల్లా ఉన్నాయి.
"అక్కా, ఏడో గడి తర్వాత ఇంకోటి లేదా?"
ఇంటికొచ్చి ఎంతసేపైంది? పావుగంట.
అరగంట నిండని ఒళ్లు లెక్కలోకి రాదు.
కొట్టేశాను.

అన్నిటికంటే కింద, ఊల్కాన్ అవ్వ.
బంతి పదమూడున్నర చెప్పింది.
ఒంటిమీద ఏమేం ఉన్నాయో రాసుకోవాలి:
లోచొక్కా, స్వెట్టరు, దానిమీద ఇంకో స్వెట్టరు,
రెండు జతల మేజోళ్లు.
ఒక్కోదానికి పట్టికలో ఒక్కో అంకె ఉంది.
గొర్రె ఉన్నిని తొక్కి తొక్కి వాళ్లమ్మ చేసిన
ఆ పొట్టికోటుకు మాత్రం లేదు.
పట్టిక వేసినవాళ్లు దాన్ని చూసి ఉండరు.

"ఎలా ఉందవ్వా?"
"ఏం ఎలా ఉంది?"
"ఇప్పుడు, ఈ క్షణం, ఒంటికి."
"పైన ఎవరో కిటికీ తెరిచారు కదా, అలా ఉంది."
ఏడు గడుల్లో అది ఏదీ కాదు.

కదలక కూర్చున్న మనిషి
పాతకాలపు బల్బంత వేడి ఇస్తాడని మా ప్రొఫెసరు అంటారు.
ఆ గదిలో రెండు బల్బులం, బంతి కోసం ఎదురుచూస్తూ.

టీ పోసింది.
కొలత అయ్యేదాకా వేడివేవీ తాగకూడదు, అది రూలు.
చెప్పాను. విన్నది. గిన్నెను నా వైపు జరిపింది.
నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని
ఎటో చూస్తూ చాలాసేపు ఊరుకుంది,
అచ్చం బంతిలాగే.
తర్వాత నా పెన్ను అడిగి తీసుకుని
మొదటి గడిలో టిక్కు పెట్టింది,
పక్కన నా పేరు రాయమంది.

ఆ కాగితం పనికిరాదు.
ఆవిడది ఏ గడో నాకింకా తెలీదు.
"తిరస్కరించడానికి కారణం" అన్నచోట
టీ అని రాశాను.