దుప్పి ఎటు పోయింది

ఉమియో ఊళ్ళో, విశ్వవిద్యాలయం నేలమాళిగలో
మూతి మాత్రమే మిగిలిన కారొకటి ఉంది.
వెనక సగాన్ని రంపంతో కోసేశారు.
చక్రాల్లేవు. ఎక్కడికీ వెళ్ళదు.
రోజుకి నాలుగు వందల కిలోమీటర్లు తిరుగుతుంది.

దాని ముందు మూడు తెరలు. తెరల మీద నేను వేసిన రోడ్డు.
మంచు నాదే, మసక వెలుతురూ నాదే,
నూట పదహారో సెకనులో ఎడమ పొదల్లోంచి
గుర్రమంత దుప్పి అడ్డం పడేదీ నా లెక్క ప్రకారమే.
బ్రేకు మీదికి కాలు ఎంతసేపటికి చేరుతుందో
యోరన్‌కి కావాలి.
కాలేజీ కుర్రాళ్ళైతే గుద్దేసి నవ్వుతారు,
ఇంకోసారి ఆడొచ్చా అంటారు.
కొందరికి కడుపులో తిప్పుతుంది. అల్లం బిస్కెట్లు పెడతాం.

మంగళవారం గున్‌వోర్ వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్ళు టపా బండి నడిపిన మనిషి.
కూర్చోగానే అద్దం సరిచేసుకుంది,
అద్దంలో ఏముంది, గోడ.
మేం చెప్పకముందే బెల్టు పెట్టుకుంది.
కదలని కారులో ప్రతి మలుపుకీ
ఒళ్ళు కాస్త ఒరిగేది.

నూట పదహారు.
తొక్కింది. చాల్లేదు.
బంగాళాదుంపల బస్తాని బల్ల మీద పడేసి
నేను రికార్డు చేసిన చప్పుడు
గదంతా నిండింది.

ఆమె అరవలేదు.
రెండు పక్కలా మిణికే లైట్లు వేసింది.
చేతి బ్రేకు లాగింది. తలుపు తీసుకుని దిగింది.
"కూర్చోండి, ఇంకా ఆరు కిలోమీటర్లుంది,"
మైకులో యోరన్.
వినలేదు. చీకట్లో తడుముకుంటూ
తెర అంచుదాకా నడిచి
"ఎటు పోయింది?" అంది.
"కాలు విరిగుంటుంది. రాత్రంతా ఎక్కడో పడి ఉంటుంది పాపం.
చెట్టుకి కట్టడానికి రిబ్బనుందా మీ దగ్గర?
తెల్లారి వేటగాడు కుక్కతో వస్తే
ఎక్కణ్ణుంచి వెతకాలో తెలియాలిగా."

తెర వెనక ఏముందో నాకు తెలుసు.
తుడుపుకర్ర, బకెట్టు, ఇరవై మీటర్ల వైరు.
దుప్పి ఎటు పోయిందో కూడా తెలుసు.
పన్నెండు సెకన్లయ్యాక మాయమైపో
అని రాసింది నేనే,
ఒక చేత్తో కాఫీ తాగుతూ.

చప్పున తేరుకుంది. "అయ్యో, ఉత్తుత్తిదేగా"
అని నవ్వబోయింది.
కోటు గుండీ పెట్టుకోవడం చేతకాకపోతే
యోరన్ పెట్టాడు.

పట్టికలో: ఒకటి పాయింట్ నాలుగు సెకన్లు.
పక్క గడి ఖాళీ. ఆ తర్వాత గడే లేదు.
మధ్యలో దిగిపోయినవాళ్ళని లెక్కలోంచి తీసేయాలి,
అది నియమం. తీసేశాను.

ఆ రాత్రి సైకిల్ మీద ఇంటికెళ్తూ
పైన్ చెట్ల వరస చివర ఆగాను, ఎందుకో.
ఏమీ లేదు.
కొమ్మ మీంచి మంచు జారిన చప్పుడు, అదైనా నిజమో కాదో.

ఎడమ తెర చట్రానికి ఇప్పుడొక పసుపు రిబ్బను ఉంది.
వైరు గుర్తనుకుంటాడు యోరన్.
కుర్రాళ్ళు అడగరు.