నూట డెబ్బై నాలుగు అడుగులు

సుభాష్ రోడ్డులో గుడ్డలంగడి ముందర
ఒక ఈల, టోకెన్ల కట్ట, మూడుకాళ్ల స్టూలు.
ఇదీ నా రాజ్యం.
నా పేరు కుళ్ళాయప్ప. ఎవురూ అడగరు.
"ఏయ్, ఖాళీ ఉందా?" అంటారు, అంతే.

ఉందంటా.
ఆ మలుపు తిరిగితే పాత గోడౌను ఎనక
కల్లమంత ఖాళీ,
యాపచెట్టు నీడ కూడా ఉండాది.
ఈడికి నూట డెబ్బై నాలుగు అడుగులు.
సద్ది తినేకి రోజూ ఆడికే పోతా,
నేనే లెక్కబెట్టినా.

తెల్లకారాయన అద్దం నాలుగేళ్ల మందం దించి
నా మాట ఇని
అద్దం ఎక్కించినాడు.
ఎడమ పక్క పసుపు దీపం
టిక్కు టిక్కుమంటాంది.
తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ అంట ఆయనకి.
ఏటా అలిపిరి నుంచి కొండకి నడిచే పోతాడంట,
చెప్పుల్లేకుండా.

"కారు కొనేదే నడవకుండా ఉండేకి గదన్నా"
అంటాడు టీ అంగడి మస్తాను.
అదీ నిజమే. కానీ అది ఒగటే కాదు.

అదో, ఎర్రకారు ఆయమ్మ వచ్చె.
సంచులు మూడు. కారు కుయ్యిమనె.
తెల్లకారు జానెడు ముందుకి జరిగె.
ఆయమ్మ డిక్కీలో సంచులు పడేసి
మళ్లా అంగట్లోకే పోయె,
జాకెట్టు గుడ్డ రంగు కలవలేదంట.
తెల్లకారు ఆ జానెడు ఎనక్కి రాలేదు.

పది నిమిషాలు. పదిహేడు.
ఎనకాల ఆటోలోళ్లు అమ్మా ఆలీ తిడ్తాండారు.
మే నెల ఎండకి తారు మెత్తబడి
టైర్ల అచ్చు పడతాంది.
అంతలోకి ఆ గోడౌను ఎనక బండి పెట్టి
నడిచొచ్చి, బేరమాడి, చీర కొనుక్కోని
పోయినోళ్లను ఇద్దర్ని చూసినా.
ఆయనా చూసినాడు.
చూసి, ఏసీ ఇంగొంచెం పెంచినాడు.

ఉండలేక పోయి అద్దం కొడితి.
"సార్, ఇంతసేపట్లో నాలుగుసార్లు
నడిచొచ్చేటోళ్లు గదా."
కసురుకోలేదు. నవ్వనూ లేదు.
"ఇంతసేపు కాచుకుంటి గదప్పా,
ఇప్పుడు పోతే ఇదంతా ఎవురికి?"

ఈ మాట యాడనో విన్నా.
యాడనో ఏంది, నా నోట్లోనే.

ఉరవకొండ పక్క మా చేన్లో
మొదటి బోరు రెండొందల ఎనభై అడుగులు. దుమ్ము.
రెండోది నాలుగొందలు.
సున్నం మాదిరి రాతిపొడి లేచి
పక్కన చెనిక్కాయ ఆకులన్నీ తెల్లబడె.
మూడోదానికి మా లింగమ్మ కమ్మలు.
నాలుగోదానికి ఎద్దులు.
కణేకల్లు కాలవ కింద మడి ఉండాది, కౌలుకి రా అని
మా బామ్మర్ది మూడేండ్లు పిలిచె.
నీళ్లు పారతాండే మడి.
దూరమంటి.
ఐదోది వద్దురా అని చిన్నాయన
చెయ్యి పట్టుకున్నె.
"ఇన్ని ఏసి ఇప్పుడు ఆపితే
ఆ నాలుగూ ఎవురికి?" అంటి.

ఆరొందల నలభై అడుగులు.

నడిచే అడుగులకి, తవ్వే అడుగులకి
ఒగటే పేరు ఎవురు పెట్టినారో గానీ
నా కాడ రెండూ ఒగటే లెక్కలో పడె.

అరచేతిలో టెంకాయ నిలబెట్టి
నీళ్లు చూసే నారపరెడ్డి ఉండె.
మిషను ఆగిన ప్రతిసారీ ఆయన మాట ఒగటే:
"ఇంగొక యాభై అడుగులు. తగుల్తాది."
అబద్ధమని ఆయనకీ తెలుసు అనుకుంటా.
నా మొగం చూసి, వేరే మాట రాక
అనేటోడు పాపం.

ఎర్రకారు ఇంగా ఆడనే ఉండాది.
తెల్లకారాయన అద్దం మొత్తం దించి
నా కండ్లలోకి చూసినాడు,
వస్తాదా ఆయమ్మ అన్నట్ల.

గోడౌను పక్కకి చూపిద్దామని
చెయ్యి లేపితి.
నోట్లోంచి మాత్రం నారపరెడ్డి పలికె.
"ఇంగొక రెండు నిమిషాలు సార్.
వచ్చేస్తాది."

అని, బైకులోడు ఎవుడూ సందులో దూరకుండా
నా స్టూలు తెచ్చి
అడ్డం ఏసినా.