పదిహేడో పేజీ

వినికిడి బాగానే ఉందన్నారు ఇన్వర్‌కార్గిల్ ఆసుపత్రిలో.
చప్పుడు చొరని గది, పెద్ద హెడ్‌ఫోన్లు,
చీమ తుమ్మినంత బీప్‌కి కూడా
మా కహు చెయ్యెత్తాడట.
నూటికి నూరు.
ఆ కాగితమే మాకు అడ్డొచ్చింది.

"చెవులు బాగున్నాయి కదా, మరి వినడేం?"
ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాడని ఒక టీచరు,
చెప్పింది చెవిన పెట్టడని ఇంకొకావిడ.
కోటు వేసుకోమంటే
"బోటు ఎలా వేసుకుంటారు?" అన్నాడని
వెటకారమనుకుని బయట నిలబెట్టారు.
మా బ్లఫ్‌లో వాన నిలువుగా కురవదు, అడ్డంగా కొడుతుంది.
కోటు లోపలే ఉండిపోయింది.

నేను ఆయిస్టర్ల షెడ్డులో చిప్పలు విప్పుతాను.
గొట్టాల్లో నీళ్లు, బెల్టు రొద, రేడియో,
ఇరవై కత్తులు.
పక్కన నిలబడి హుయియా ఏదో అంది ఓ రోజు.
నవ్వి తలూపాను.
ఇంటికెళ్లి బంగాళాదుంపలు చెక్కుతుంటే
ముక్కలు ఒక్కొక్కటే అతుక్కున్నాయి:
వాళ్లమ్మ పోయిందట.
నేను నవ్వాను.
నా కొడుకు రోజంతా ఎక్కడ కూర్చుంటాడో
ఆ రాత్రి తెలిసింది.

తర్వాత ఫారాలు.
డనీడిన్‌లో రెండో పరీక్షకి ఏడు నెలలు ఆగాం.
శబ్దం చేరుతోంది, దారిలో మాట చిక్కుపడుతోంది,
వలలాగా, అని వేళ్లు పెనవేసి చూపించింది అక్కడి అమ్మాయి.
వలలు నాకు తెలుసు.
బడి మాత్రం, ఈ పేరు మా జాబితాలో లేదంది.

మూడో మీటింగుకి ఫోను పట్టుకెళ్లాను.
గిల్‌క్రిస్ట్ సారే, కహు బల్ల మీద పెట్టి
పది నిమిషాల క్లాసు రికార్డు చేసిచ్చాడు.
రేకుల మీద వాన, కుర్చీకాళ్ల కీచు, ఎవరిదో దగ్గు,
అన్నిటి అడుగున ఎక్కడో ఆయన గొంతు.
"ఏ పేజీ తీయమన్నారు?" అడిగాను.
పదిహేను, అంది ప్రిన్సిపాల్.
జిల్లా నుంచి వచ్చినాయన పదిహేడన్నాడు,
ప్రిన్సిపాల్ ముఖం చూసి పదిహేనన్నాడు.
తోడొచ్చిన మా అత్త మెరెయానా అల్లిక ఆపకుండా
"పేజీ కాదు, కిటికీ మూయమన్నాడు" అంది.
"పదిహేడు," అన్నాడు గిల్‌క్రిస్ట్, నేలచూపుతో.
"రెండుసార్లు చెప్పాను."

కుర్చీకాళ్లకి పాత టెన్నిస్ బంతులు తొడిగారు.
వాడి చోటు కిటికీ దగ్గర్నుంచి ముందు వరసకి జరిగింది.
సారు కాలరుకి చిటికెన వేలంత మైకు,
వాడి చెవుల్లో రెండు గింజలు.
రెండు టర్ములకే. ఆ తర్వాత మళ్లీ ఫారాలు.

మొదటి రోజు సారు మైకు ఆపడం మరిచిపోయాడు.
కారెక్కీ ఎక్కకముందే కహు మొదలుపెట్టాడు:
"అమ్మా, సారు జిరాక్స్ మిషన్‌ని బతిమాలతాడు తెలుసా?
ఈ ఒక్క కాగితం తల్లీ, అని.
అది వినలేదు.
తిడతాడనుకున్నా.
తట్టి, మళ్లీ చెప్పాడు,
మెల్లగా."