రూపాయలు మాత్రమే

జూన్ నెలలో చిత్తూరుకు ఒకటే వాసన.
కలెక్టరాఫీసు మెట్ల మీదా అదే,
బస్టాండులో టీ గ్లాసు అంచు మీదా అదే:
మగ్గిన బెంగళూరా కాయ.
పరిశ్రమల శాఖలో మూడో టేబుల్ నాది.
ఏడు సంతకాల్లో మూడోది నాది.

ఈ పొద్దు వచ్చిన ఫైలు ఎంత లావంటే
ఎర్ర దారం రెండో చుట్టుకు చాలలేదు.
గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లది, రెండో యూనిట్‌కు.
కరెంటులో రాయితీ, వడ్డీలో రాయితీ,
స్టాంపు డ్యూటీ వాపసు.
గుడిపాల పక్కన అడిగిన భూమి ధరకు
మా కట్టమంచిలో సైకిల్ స్టాండుకు కూడా చోటు రాదు.
మొదటి పేజీలోనే మర్యాదగా ఒక వాక్యం:
"ప్రోత్సాహం లేనిపక్షంలో
కృష్ణగిరి వైపు ఆలోచించవలసి ఉంటుంది."
అలిగిన కొత్తల్లుడు కూడా
ఇంత నాజూగ్గా బెదిరించడు.

నోట్ రాసినా.
అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి.
రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయలు మాత్రమే.
ఇరవై రెండేండ్లుగా రాస్తా ఉండా ఆ మాట.
మాత్రమే.
ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు.

ఫోన్ మోగింది. మొగిలప్ప, నా బామ్మర్ది.
"బావా, రెండు రాత్రులయింది గేటు ముందర.
నా టోకెను నూటా పదహారు.
పట్ట కింద కాయ ఉడుకెత్తా ఉండాది.
ఎవురికైనా ఒక మాట చెప్పగలవా?"
రేటెంత అన్నారని అడిగినా.
"అది తర్వాత చెప్తారంట. ముందు తూకం."

ఐదున్నర బస్సెక్కి
క్యారియరు పట్టుకుని పోయినా.
అన్నం తింటా, ఎడమచేత్తో
పోయినవారం లోడు చీటీ తీసి చూపించినాడు.
ట్రాక్టరు నంబరు ఉంది. టన్నులు ఉన్నాయి.
తరుగు చక్కగా రాసి ఉంది.
ధర అన్న గడిలో ఏమీ లేదు.
అంకెల్లో లేదు, అక్షరాల్లో లేదు.
మాత్రమే కూడా లేదు.

ఇక్కడ ఆపేస్తే ఈ కవిత నాకు సులువు.
కానీ అప్పుడే షిఫ్టు దిగి వచ్చింది
మా వీధి చెంచులక్ష్మి,
గోళ్ల సందుల్లో పసుపు ఎప్పటికీ పోని మనిషి.
"ఇది లేకుంటే హోసూరులో
ఎవురింట్లో అంట్లు తోమతా ఉందునో సార్.
ఇప్పుడు నాకు పీఎఫ్ నంబరుంది," అని
పన్నెండు అంకెలూ చూడకుండా ఒప్పజెప్పింది,
బళ్లో ఎక్కం చెప్పినట్టు.
మొగిలప్ప ఆమెకొక మంచి కాయ ఇయ్యబోయినాడు.
"పొద్దంతా వాటితోనే కదన్నా," అని
నవ్వి ఆటో ఎక్కింది.

"ఎన్నేండ్లిస్తారు బావా ఆ రాయితీ?"
ఏడు.
"ఆ తర్వాత?"
మళ్లీ అడుగుతారు. దానికి విస్తరణ అని వేరే పేరుంది.

చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు దులుపుకున్నాడు.
"అంటు మొక్కకు ఊతకర్ర కడతాం.
గాలికి పడిపోతుంది గదా, తప్పు లేదు.
మూడో ఏడు కట్టు విప్పాల.
విప్పకుంటే తాడు బెరడులోకి దిగిపోతుంది,
మానుకు తన బరువు తనకు తెలీకుండా పోతుంది.
మీ ఫైల్లో తాడు విప్పే తేదీ
యాడ రాసినారు?"

మనసులోనే తిరగేసినా నూటా నలభై పేజీలు.
ఆ గడి మేం అచ్చు వేయించలేదు.

ఎనిమిదికి ఫ్యాక్టరీ లైట్లు వెలిగినాయి.
హైవే అంతా పట్టపగలు.
ఆ వెలుతురులో
నా పాత సంతకం కూడా కొంచెం ఉంది.
కొత్తది ఇంకా పెట్టలేదు.
రేపు పదిన్నరకు పెడతానేమో.

మొగిలప్ప పట్ట ఎత్తి
మెత్తబడినవి ఏరి కాలవలోకి విసురుతా ఉన్నాడు.
"వెలుతురైతే బాగుండాది బావా,
పుచ్చు బాగా కనపడతా ఉండాది."

ముందు ట్రాక్టరు ఒక బారెడు జరిగింది.
మేమూ జరిగినాం.