పన్నెండు పేజీలు చాలన్నారు

పోర్ట్‌ఫోలియోకి పన్నెండు పేజీలు చాలన్నారు.
మూడేళ్లలో నేను పాడుచేసిన మట్టే
నాలుగు బస్తాల పైన ఉంటుంది.

మా స్టూడియో తొమ్మిదో అంతస్తు.
నాణెం వేస్తేనే కదిలే లిఫ్టు.
మట్టి బస్తాకి వేరే నాణెం అడగదు,
అదొక్కటే దాని మంచితనం.
కిటికీలోంచి తిబ్లిసి సగమే కనిపిస్తుంది:
అవతలి మేడకి కట్టిన తీగల మీద దుప్పట్లు,
వాటి సందుల్లో బురదరంగు నది.
నా బకెట్‌లో నీళ్లదీ అదే రంగు.

వారం రోజులుగా ఫోటోలు తీస్తున్నాను.
శిల్పానికి వీపుంటుంది, ఫోటోకి ఉండదు.
ఎటు తిప్పి నిలబెట్టినా
ఒక చెవి మాట వినకుండా అటువైపే ఉండిపోతుంది.
"తెల్లగోడ ముందు పెట్టు, ఎలిసో,
నీడ ఎక్కువైతే ఏదో దాస్తున్నావనుకుంటారు"
అంటాడు బాద్రి మాస్టారు.
మెప్పుని కూడా గ్రాముల్లో తూచే మనిషి.

ఒతియా తల దగ్గర మాత్రం ఆగాడు.

ఒతియా మా మోడల్.
ముప్పై ఏళ్లు ఈ ఊరి లిఫ్టులు బాగుచేశాడు.
ఇప్పుడు గంటకింతని కదలకుండా కూర్చుంటాడు.
"ఇన్నాళ్లూ జనాన్ని పైకీ కిందకీ తిప్పాను,
రెండంతస్తుల మధ్య ఇరుక్కోవడమంటే ఇదన్నమాట"
అని నవ్వి,
ముఖాన్ని ఎక్కడ వదిలాడో మళ్లీ అక్కడే పెట్టుకుంటాడు.

ఆ ప్లాస్టర్ తలకి ఎడమ దవడ కింద చిన్న పల్లం,
మాట అనబోయి మింగినట్టు.
మాస్టారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి
"ఇక్కడ నీ చెయ్యి తెలిసింది" అన్నాడు.
ఆ రాత్రి వేడిరొట్టె చంకలో పెట్టుకుని
ఇంటికి మెట్లెక్కి వెళ్లాను.
లిఫ్టుకి నాణెం ఉంది. అయినా.

వీడియో ప్రాజెక్టు మరో గొడవ.
కాలం కనిపించాలట.
కాలాన్ని ఎవరు చూశారు?
కెమెరాని స్టాండు మీద నిలబెట్టి
మట్టి ముద్ద ఒతియా అవడాన్ని
నాలుగు గంటలు తీసి పెట్టుకున్నాను, అప్పట్లోనే.
ఇప్పుడు కూర్చుని వేగం పెంచుతున్నాను.
గంట నిమిషమవుతోంది,
నేను ఈగలా వాలుతున్నాను, లేస్తున్నాను.
బకెట్ కడగడానికి నేను బయటికెళ్లిన చోట
ఫ్రేములో తెల్లచొక్కా ఒకటి తళుక్కుమంది.

వెనక్కి తిప్పాను.

ఒతియా లేచాడు,
మోకాళ్లు పట్టుకుని, నిదానంగా.
తన తల ముందు తనే నిలబడ్డాడు.
తలుపు వైపు చూశాడు.
బొటనవేలు నాలుక మీద తడిచేసుకుని
దవడ కింద ఒక్కసారి,
ఒక్కటంటే ఒక్కసారి నొక్కాడు,
లిఫ్టు బొత్తాం నొక్కినట్టు.
చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.
వెళ్లి కూర్చున్నాడు.
నేను నీళ్లతో వచ్చి, ఏమీ ఎరగక,
ముక్కు మీద పడ్డాను.

పదకొండు సెకన్లు.
ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.
మొదట ఒళ్లు మండింది.
ఆనక రొట్టె గుర్తొచ్చింది, మెట్లు గుర్తొచ్చాయి,
చెవులు వేడెక్కాయి.
ఆ ముక్క కత్తిరించేస్తే ఎవరికి తెలుసు?
కత్తిరించాను కూడా.
టీ తాగి వచ్చి మళ్లీ అతికించాను.

మంగళవారం అడిగేశాను.
బెదరలేదు ఆయన.
"సైన్యంలో ఉండగా అక్కడ పన్ను పీకారు,
దాంతోపాటు కొంచెం ఎముకా పోయింది.
నువ్వు పూడ్చేశావు.
చూస్తూ ఊరుకోలేకపోయాను."
అని, దవడ నాకేసి తిప్పాడు.
పల్లం ఉంది.
నెల రోజులు అదే ముఖాన్ని చూశాను,
కొలబద్దతో కొలిచాను.

ఏడో పేజీలో ఫోటో పెట్టాను.
ఎత్తు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు, ప్లాస్టర్.
ఈసారి నీడని ఉండనిచ్చాను.
'చేసినవారు' అన్న చోట నా పేరు కొట్టి, కామా పెట్టి
ఆగిపోయాను.
రేపు సాయంత్రంలోగా పంపాలి.
ఒతియా ఇంటిపేరేమిటో
నేనెప్పుడూ అడగలేదు.