మొప్పలు

బూసాన్‌లో, జగల్చీ చేపల బజారులో
నేను ఐసు మోస్తాను.
నా సరుకుకి తెల్లవారుజామున నాలుగింటికి ఒక ధర,
పదకొండయ్యేసరికి అది కాలవలో నీళ్లు.
పడిపోవడం గురించి నాకు కొత్తగా
ఎవరూ చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి.

ఈ దేశంలో స్టాకు బోర్డు మీద
ఎరుపంటే లేచినట్టు, నీలమంటే పడినట్టు.
జనవరి చివరి బుధవారం, తొమ్మిది దాటిన ఆరో నిమిషాన
మల్సున్ అక్క ఫోను నీలంగా మారింది.
తడిచేతిని రబ్బరు ఏప్రానుకి తుడుచుకుని మళ్లీ చూసింది.
పొలుసొకటి అద్దానికి అంటుకుంది, సరిగ్గా అంకె మీద.
గోటితో గీకింది.
పొలుసు పోయింది.

డాన్బి సెమీకండక్టర్. ఆమెవి రెండువందల పది షేర్లు.
మోకాలి దగ్గర కొను, భుజం దగ్గర అమ్ము అంటారిక్కడ.
అక్క నెత్తి మీద కొంది.

"నష్టమొచ్చిందా?" అడిగాను.
"లాభమేనట. పోయినేటికంటే ఎక్కువేనట."
"మరి?"
"అనుకున్నంత కాదట."

ఎవరనుకున్నారు?
సియోల్‌లోనో హాంకాంగ్‌లోనో ఎత్తైన గదుల్లో ఎవరో
వంద వస్తుందనుకున్నారు. తొంభై ఆరొచ్చింది.
ఆ నాలుగు, అసలెప్పుడూ పుట్టని నాలుగు,
ఇంట్లో మనిషి పోయినట్టు ఏడిపిస్తోంది అందరినీ.
ఇంకోటి కూడా ఉందట:
వచ్చే మూడునెలల మాటేమిటని నిన్న సాయంత్రం అడిగితే
కంపెనీ పెద్దాయన జవాబుకి ముందు
చిన్నగా దగ్గాడట.
ఆ దగ్గు ఖరీదు పదకొండు శాతం.

చిన్న మదుపరుల్ని ఇక్కడ చీమలంటారు.
మా సందులో ఎన్ని చీమలున్నాయో ఆ రోజే తెలిసింది.
ఆక్టోపస్‌లమ్మే ప్యో గీతే తొమ్మిదీ పదికే అంతా అమ్మేసి,
పదింటికి ధర కాస్త లేచిందని నెత్తి కొట్టుకున్నాడు.
ఎండుచేపల ముసలాయన ఇంకో ముప్పై కొన్నాడు.
దాన్ని నీళ్లు కలపడమంటారు:
నష్టం పలచనవుతుందట.
గిన్నె పెద్దదవుతుందని మాత్రం ఎవరూ అనరు.
సూపు కొట్టులో హేరిమ్ ఫోన్లోంచి యాప్ తీసేసింది,
చూడకపోతే పడదని.
మధ్యాహ్నానికి మళ్లీ పెట్టుకుంది.
గుల్లలొలిచే ఒకాయన ఛైర్మన్ వంశాన్ని
తాతనుంచి మొదలెట్టి వరసగా తిట్టాడు;
పేర్లన్నీ వార్షిక నివేదికలో చదివి పెట్టుకున్నాడు పాపం.

మల్సున్ అక్క తిట్టలేదు.
ఒక మాకెరెల్‌ని ఎత్తి, బొటనవేలితో మొప్ప విప్పి చూపించింది.
"ఎర్రగా ఉంటే తాజా. నలభై ఏళ్లుగా నా చదువంతా ఇదే.
ఈ కంపెనీకి మొప్పలెక్కడుంటాయిరా?"

ఏం చెప్పను?
కుళ్లడాన్ని కాస్త ఆలస్యం చెయ్యడం వరకే నా పని.

మార్చిలో వాటాదారుల సభకి రైలెక్కి వెళ్లింది.
నిమ్మచెక్కతో చేతులు మూడుసార్లు రుద్దుకుందట,
అయినా పక్క కుర్చీలో సూటువాడు కాస్త జరిగాడట.
మైకు తన దగ్గరికొచ్చాక
నికర లాభం గురించి అడగలేదు, డివిడెండ్ గురించి అడగలేదు.
"ఆ రోజు మీరెందుకు దగ్గారు?" అంది.
హాలంతా నవ్వింది.
పెద్దాయన కూడా నవ్వి, "జలుబండీ" అన్నాడట.

"నిజమేనంటావా?" అని అడిగింది నన్ను,
తిరిగొచ్చిన తెల్లారి, చీకట్లో, ఐసు దిమ్మ దించుతుంటే.
"నువ్వేగా మొహం చూసింది" అన్నాను.
"మొహం చూసి నేనెప్పుడు చేప కొన్నానురా" అంది.

షేర్లు అమ్మలేదు. ఎందుకని నేను అడగలేదు.
అమ్మితే నష్టం నిజమైపోతుందని భయమో,
ఆ జలుబు నిజమేనని ఆశో,
రెండూ ఒకే తక్కెడలో ఎలా తూగుతాయో
ఆమెకే తెలియాలి.

మూడున్నరకి అక్కడ బోర్డు మూసేస్తారు.
ఇక్కడ అప్పుడే ఆడవాళ్లు సంచులతో వస్తారు,
సాయంత్రపు ధర కోసం.
నిన్న అక్క కత్తి పక్కన పెట్టి నిలబడింది.
మిగిలిన చేపల్ని సగానికి పిలవబోతూ,
ఎందుకో, ఒక్కసారి దగ్గింది.
ముందు వరసలో ఒకామె
చెయ్యి చాచబోయి ఆగింది.
అక్క నావైపు చూసింది.
నేను గబగబా ఐసు కొట్టసాగాను.