కాలువ మీద నాగా

కార్ఖానకు ఆకు రాలే.
ముంషీ గేటుకాడికెల్లే చెయ్యి ఊపిండు
బేస్తారం రమ్మని.
చాట లేకపోతే ఒడిల ఏం పెట్టుకోవాల్నో
మా నలుగురికి తెలువలే.

గంగామణి అన్నది:
మా తమ్మునిది రేకు పడవ ఉన్నది,
పోచంపాడు కాలువల పోదామా.
ఎక్కడికి?
ఎక్కడికి లేదు. ఊకెనే.

ఊకెనే అన్న మాట
ఇరువై ఏండ్లల్ల మా ఎవ్వరి నోట్లెకెల్లి రాలే.

ఖుర్షీద్ ఫోన్ల చూపెట్టింది.
ఫ్రాన్సు దేశమట. కాలువ మన దానంతే ఉన్నది,
పడవ మీద పూల కుండీలు,
నెరిసిన తలల దోస్తులు కుర్చీలేసుకొని కూసున్నరు,
కట్ట మీద నడిచే కుక్క
పడవను దాటి పోతున్నది.
"వీళ్లకు పనేం లేదా?" అన్నది సుదేవక్క.
"ఇదే పని" అన్నది ఖుర్షీద్.

మాకు కుర్చీలు లేవు.
తునికాకు గోనెసంచులు నాలుగు మడిచి పరిచినం.
జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు,
మూత సరిగ పట్టని టిఫిన్ల దాల్చా.

లష్కర్ పోశాలు కట్ట మీద సైకిలాపిండు.
"ఇది నీళ్ల కాలువనా, జాతరనా?
రేపటికెల్లి ఆఫు. షట్టర్లు దించుతరు."
సుదేవక్క కొంగు ముడి ఇప్పి
ఛాంట్ల పడ్డ బీడీల కట్ట అందిచ్చింది.
వంకర బీడీ ఒకటి ఎలిగిచ్చుకొని
పొద్దుగూకక ముందే ఒడ్డెక్కుండ్రి అన్నడు,
గంతే మా టికెటు.

పుట్టి బుద్దెరిగినప్పటికెల్లి ఈ కాలువను
బస్సు కిటికీలకెల్లే చూసిన,
వంతెన దాటేటంత సేపు.
లోపటికెల్లి చూస్తే వేరే ఊరు.
పసుపు చేన్ల ఆకులు
మనకంటే పొడుగు మనుషులోలె తొంగి చూస్తయి.
సిమెంటు బిళ్లల సందుల్ల గడ్డి,
దొంగ మోటర్ల పైపులు నీళ్లల్ల మూతులు పెట్టి,
లకుముకి పిట్ట ఒకటి
ఎవరిదో తీగ మీద, తనదే అన్నట్టు.

సుదేవక్క నీళ్లల్ల చెయ్యి పెట్టి అట్లనే ఉంచింది.
నలభై ఏండ్ల తంబాకు వాసన
ఏ సబ్బుకూ పోలేదు.
చేపపిల్లలు వచ్చి, వాసన చూసి,
వాపసు పోయినయి.
"చూసినవా, ఇవి గూడ ఛాంటు తీస్తున్నయి" అని
దగ్గు వచ్చేదాక నవ్వింది.
దగ్గు వచ్చినంక గూడ నవ్వింది.

మాట్లాడుకుంట మాట్లాడుకుంట చూసిన:
ఖుర్షీద్ వేళ్లు గాలిని చుడుతున్నయి.
మడత, మూతి, దారం.
మడత, మూతి, దారం.
చెప్పుదామని నోరు తెరిచి
నా ఒడి దిక్కు చూసుకున్న.
నేను అప్పటికే ఎన్ని చేసిన్నో.

రేపు అన్నరు గని
మూడు గొట్టంగనే నీళ్లు దిగుడు షురువైంది.
గోడ మీద తడి గీత
జానెడు, మూరెడు.
తెడ్డు అడుగుకు తాకి బురద చప్పుడైంది.
పడవ కూలవడ్డది,
బర్రె కూసున్నంత నిమ్మళంగ.

కట్ట మీదికి ఒక పిలగాడొచ్చిండు, భుజం మీద పార.
కాలువ కొస మీది పొలం వాళ్లది.
మమ్ముల చూడలే. కాలువనే చూసిండు.
"అక్కా, అడుగున ఇంక ఎన్నున్నయి?"
గంగామణి తెడ్డు పెట్టి చెప్పింది: మోకాళ్లకు.
అప్పటిదాంక ఆ నీళ్లు
మా తమాషాకే వచ్చినయని అనుకున్నట్టున్నం.
రొట్టె ఇస్తే సగం తిన్నడు,
సగం తువ్వాలల కట్టుకున్నడు.

పడవను బోర్లిచ్చి నెత్తికెత్తుకున్నం, నలుగురం.
రేకు కింద చీకటి.
ఎవ్వరి మొఖాలు ఎవ్వరికి కానరావు,
ముంగట నడిచేటోళ్ల మడిమలే.
ఒకరు నవ్వితే రేకంత నవ్వుతది,
ఎవరు మొదలువెట్టిండ్రో తెలువది.
వంతెన దాంక మైలు దూరం,
మెడలు గుంజినయి,
దించుదామని ఎవ్వరం అనలే.

బేస్తారం ఆకు వచ్చింది.
ముంషీ నా పాసుబుక్కుల రెండు రోజులకు
ఎర్ర సిరతోని నాగా రాసిండు.
ఆకు మీరే ఇయ్యలే గదా అన్న.
రూలు రూలే అన్నడు.

పక్కకెల్లి సుదేవక్క
కత్తెర ఆపకుండనే అన్నది:
"ఉండనియ్యే.
బుక్కంత వాళ్లదే,
ఆ ఒక్క మాట మనది."